మసక టీవీదా, కంటిదా

ముందే చెప్పేస్తాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నిజామాబాద్ యార్డులో పసుపు అడ్తి నడుపుతాను. అంటే రైతుకూ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం తెంపడం నా పని. అక్కడ బస్తా మీద మట్టికింత, తేమకింత అని తరుగు తీస్తాం. నా మాటల మీద మీరు కూడా అట్లాగే తరుగు తీసుకుని చదవండి. మా ఆవిడైతే సగానికి సగం తీసేస్తుంది. పెళ్ళిచూపులప్పుడు మా పెరట్లో బావి ఉందని చెప్పానట. కాపురానికొచ్చి చూస్తే అది సిమెంటు కుండీ అట. ఆ రోజు నుంచీ నేను ఏ మాటన్నా ఆమె ముందు నా మొహం చూస్తుంది, తర్వాతే నమ్మాలో వద్దో తేల్చుకుంటుంది.

మా ఇంట్లో టీవీ కొన్ని దసరాల కిందటిది. నేనూ, మా గల్లీ చివర దర్జీ దుకాణం ఉన్న మిత్రుడూ కలిసి పోయి ఒకే షోరూములో ఒకే రకం సెట్లు కొనుక్కున్నాం. ఆ దర్జీని గల్లీ అంతా మాస్టర్ అంటుంది. నా టీవీ ఎంత పెద్దదంటే, దాన్ని గోడకు బిగించలేదు, గోడనే తెచ్చి దానికి బిగించారు. బొమ్మ ఎంత నిఖార్సుగా ఉండేదంటే, వార్తలు చదివే అమ్మాయి ముక్కుపుడకలో స్టూడియో లైట్లూ, ఆ లైట్ల కింద నిలబడ్డ కెమెరా మనిషీ, అతని చొక్కాకు ఊడిపోయిన గుండీ కూడా కనిపించేవి. సినిమాలో వాన పడితే మా ఆవిడ మేడ మీద బట్టలు తీయడానికి పరుగెత్తేది. మూలకు అంటించిన 'ఫోర్ కె' స్టిక్కరును నేను పీకనివ్వలేదు. మా ఇంటికొచ్చిన చుట్టాలు మంచినీళ్ళ కంటే ముందు దాన్ని చూడాల్సిందే.

ఈ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం కొత్త సినిమా పెట్టాను. హీరో మొహాన్ని ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టుంది. కళ్ళు ఫలానా చోట ఉండొచ్చు, ముక్కు ఉందని మనమే నమ్మాలి. వెనకాల చెట్లన్నీ కలిసి గోడకు ఆకుపచ్చ సున్నం వేసినట్టున్నాయి. కళ్ళు నులుముకున్నాను. అద్దాలు లుంగీ కొసతో తుడుచుకున్నాను. ఇంకో కొత్త సినిమా పెట్టాను. అదే మసక.

మీరైతే టీవీని అనుమానించి ఉందురు. నాకు ఆ ఆలోచనే రాలేదు. అంత స్టిక్కరున్న టీవీ తప్పు చేస్తుందా. నాకు షుగరుంది. మా బాపుకూ ఉండేది.

కోటగిరి దగ్గర మా ఊళ్ళో బాపు చెరకు వేసేవాడు. గట్టు మీద నిలబడి ఆకు రంగు చూసి, గడ నరకొచ్చో లేదో చెప్పేవాడు. షుగరుందని తెలిసినా అది పట్నం వాళ్ళ జబ్బని పట్టించుకోలేదు. ఆయన చూపు ఎప్పుడు తగ్గడం మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇల్లూ వాకిలీ చేనూ ఆయనకు కంటితో పని లేనంతగా అలవాటు. చెంబు ఉన్న చోటికే చెయ్యి పోయేది, చెప్పులున్న చోటికే కాలు పోయేది. ఒక రోజు నడి ఎండలో వాకిట్లో కూర్చుని అవ్వతో, అంటే మా అమ్మతో, "పొద్దుగూకింది గదనే, ఇంక దీపం వెట్టవా" అన్నాడు. అవ్వ చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది. ఈ ఒక్క ముక్కలో తరుగు తీయకండి.

ఆ వాకిలి గుర్తొచ్చి టీవీ కట్టేశాను. ఇంట్లో మాత్రం పైకి అనలేదు. మా ఆవిడ టీవీ చూడదు, వింటుంది. చేతిలో చిక్కుడుకాయలో, బియ్యమో ఉంటాయి, తల వాటిలోనే ఉంటుంది. మరుసటి రోజు, పక్కింటి సంగతి అడిగినట్టు అడిగాను.

"బొమ్మ మంచిగ వస్తుందా?"

"వస్తుంది."

"మొకాలు గిట్ల సాఫ్ కనవడుతున్నయా?"

"ఎవలియి?"

"హీరోది."

"వాని మొకం నాకెందుకయ్యా. నువ్వు జెర పక్కకు జరుగు, ఎలుగుకు అడ్డమొస్తున్నవు."

అంటే ఆమెకు బాగానే కనిపిస్తోంది. మిగిలింది నేనే.

పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి ధర చెప్పడం మీద నా బతుకు నడుస్తుంది. వానాకాలం సరుకు తక్కువ. ఆ తక్కువలోనే ఏ కొమ్ము విరిచినా రంగు వెలిసినట్టే అనిపించసాగింది. ఒక్కో ముక్కను కంటికి ఇంత దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే, నాందేడ్ నుంచి కొనడానికొచ్చిన వ్యాపారి మరాఠీలో ఏదో గొణిగి, తర్వాత నాకు అర్థం కావాలని తెలుగులోకి దిగాడు. "గా కొమ్ముకు పిల్లనిస్తవా సేటు, గంతసేపు సూస్తున్నవు." అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వుతూనే ఆ కొమ్మును జేబులో వేసుకుని, బయట ఎండలో మళ్ళీ చూసుకున్నాను.

ఆ వారమే బోధన్‌లో ఒక రైతును కలిసే పని పడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తెలిసినవాళ్ళెవరూ లేరు కదా, నన్ను నేనే పరీక్షించుకోవాలని, కుడి కన్ను చేత్తో మూసి, ఎడమ కంటితో దారి పొడుగునా బోర్డులు చదవడం మొదలుపెట్టాను. నా పక్కన బుట్ట పట్టుకుని ఒక అక్క కూర్చుంది. ఒంటికన్నుతో చూస్తూ తనలో తాను మాట్లాడుకునే నడివయసు మగవాడిని చూసి, ఆమె ఆ బుట్టను మా ఇద్దరి మధ్యకు జరిపింది. నేను పట్టించుకోలేదు. ఎరువుల దుకాణం, పళ్ళ డాక్టరు, ట్రాక్టరు రిపేరు, ఒక్కటీ తప్పడం లేదు. ఎంత ధైర్యం వచ్చిందంటే గొంతు కూడా పెంచాను. బస్సంతా లేచి నాకు దండ వేయడం ఒక్కటే తక్కువ.

"రైస్ మిల్లు" అని చదివాను.

అక్క నా వైపు తిరిగింది. "యాడున్నదన్నా?"

"గదుగో, పచ్చ బోర్డు."

"గా బోర్డు ఎండకాలంల గాలిదుమారానికి లేసిపోయిందన్నా. ఇప్పుడు గాడ ఉత్త గోడనే."

చెయ్యి తీసి రెండు కళ్ళతో చూసేలోపు బస్సు ముందుకు పోయింది. ఇంతదూరం నేను చదివింది కంటితో కాదు. ముప్పై ఏళ్ళుగా తిరిగిన దారిని కంఠతా అప్పజెప్పుకుంటూ వచ్చాను. బాపు చెంబు అందుకున్నట్టే.

ఇంటికొచ్చి ఆ సంగతిని పెద్ద హాస్యకథ చేసి చెప్పాను. కండక్టరు టికెట్లు కిందపడేసుకుని నవ్వాడన్నాను. డ్రైవరు బస్సాపి, దిగి నవ్వి, మళ్ళీ ఎక్కాడన్నాను. మా ఆవిడ నవ్వలేదు.

ఇక లోపల దాచుకోలేక మాస్టర్ దుకాణానికి పోయాను. మిషను మీద సగం కుట్టిన కమీజు ఉంది, కుట్టే మనిషి మాత్రం గోడకానుకుని కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "సూదిల దారం ఎక్కుతుందా మాస్టర్?" అని అడిగాను.

అతని మొహం పాలిపోయింది. "నీకెవలు చెప్పిండ్రు సేటు?"

"ఏం చెప్పిండ్రు?"

లేచి షట్టరు సగం దించాడు. "నజర్ పోతుంది సేటు. టీవీల మనిషి మనిషి లెక్క కనవడ్తలేడు. అంతా పొగ పొగ. దారం మా ఆడోళ్ళతోని ఎక్కిపిస్తున్న. కండ్లు పోయిన దర్జీకి బట్ట ఎవడిస్తడు చెప్పు."

"ఎప్పటిసంది?"

"వానలు వడ్డకాన్నుంచి. కొత్త సినిమా ఏది వెట్టినా గంతే. పాతయి మంచిగనే..." అని ఆగిపోయాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాతవి బాగుండి కొత్తవి మసకబారడం కంటి జబ్బు లక్షణం కాదు. పైగా ఒకే గల్లీలో ఇద్దరు మగవాళ్ళ కళ్ళు మాట్లాడుకుని మరీ ఒకేసారి పోవు.

"సూది తియ్యి," అన్నాను.

మాస్టర్ సూది తీశాడు. దారం కొసను నోట్లో తడిపాడు. మొదటి దెబ్బకే ఎక్కింది. అతను ఆ సూదిని వెలుతురుకు పట్టి చూశాడు. "ఎక్కుతదో ఎక్కదోనని బుగులుకు ఇన్నిరోజులు ముట్టుకోనే లేదు సేటు," అన్నాడు.

ఇద్దరం అట్లాగే బండెక్కి షోరూముకు పోయాం. అక్కడి సేల్స్ మనిషి మా సెట్టు ఏ ఏడాదిదో అడిగి, చెడ్డ కబురు చెప్పేముందు పెట్టే మొహం పెట్టాడు.

"కొత్త సినిమాలు ఇప్పుడు కొత్త ఫార్మాట్ల పంపుతున్నరు సార్. పెద్ద బొమ్మను బాగ చిన్నగ మడతవెట్టి పంపుడన్నట్టు. గా మడత ఇప్పే చిప్పు మీ టీవీల లేదు. గందుకే యాప్ మీకు అన్నిట్లకన్న కిందిరకం బొమ్మ ఇస్తది."

"ఫోర్ కె అని రాసున్నది గద?" అన్నాను.

"తెర ఫోర్ కెనే సార్. ఇప్పరాకుంటే తెర ఏం జేస్తది."

"అప్‌డేట్ చేస్తే?"

"రాదు సార్. లోపల లేనిది యాడికెళ్ళొస్తది."

మాస్టర్ ముందుకొచ్చాడు. "అంటే ఖరాబు టీవీలనే ఉన్నది. పక్కానా?"

"పక్కా సార్. కొత్తది తీసుకునుడే."

మాస్టర్ అతణ్ణి కావలించుకుని వదలలేదు. నేను అతని చెయ్యి పట్టుకుని బోరింగు కొట్టినట్టు ఊపాను. తమ టీవీ పాతబడిందంటే ఇంత సంబరపడే గిరాకీలను అతను పుట్టి ఎరగడు. లోపలికి పోయి ఓనరును పిలుచుకొచ్చాడు. మేం ఏమీ కొనకుండా బయటికొచ్చి, ఎదురుగా హోటల్లో చాయ్ చెప్పాం. ఎన్నో ఏళ్ళుగా చక్కెర లేని చాయ్ తాగే నేను, ఆ రోజు నిండా చక్కెర వేయించుకున్నాను.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆమె మొత్తం విని, చేతిలో పని పక్కన పెట్టింది.

"టీవీది గట్ల ఒడిసింది. మరి గా బస్సుల సంగతేంది?"

"ఏం సంగతి?"

"లేని బోర్డు సదివినవు గద. గది గూడ టీవీలనేనా?"

నేను నవ్వడానికి చూశాను.

"డ్రైవరు దిగి నవ్వింది నువ్వు కలిపినవు. బోర్డు సంగతి కలపలే. రేపు దవాఖానకు పోదాం," అంది.

కంటి దవాఖానలో చుక్కలమందు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి ట్యూబులైట్లు ఉబ్బి ఒకదానిలోకొకటి కరిగిపోయాయి. పక్కకు తిరిగితే మా ఆవిడ మొహం, టీవీలో ఆ హీరో మొహంలాగే, తడిగుడ్డతో తుడిచేసినట్టుంది. ఇది మందు వల్లేనని, కొన్ని గంటల్లో పోతుందని నర్సు చెప్పే ఉంది. అయినా నా మనసు నమ్మలేదు. పోకపోతే ఏమిటి? ఆ మొహాన్ని చివరిసారి సరిగ్గా ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. కళ్ళు మూసుకున్నాను. తలుపు ఏ వైపుందో, నీళ్ళ డబ్బా ఏ మూలనుందో మనసులో వెతుక్కున్నాను. ఇప్పుడే నేర్చుకుని పెట్టుకుంటే తర్వాత పనికొస్తుందన్నట్టు, బెంచీ అంచును చేత్తో తడుముతూ పోయాను. మా ఆవిడ చెయ్యి తగిలింది. ఆమె తీసేసుకోలేదు.

"ఏం దేవులాడుతున్నవు?" అంది.

"ఏం లే."

గడ్డం ఒక పీట మీద పెట్టించి, ఒక్కో కంట్లోకి మెరుపు కొట్టి ఫొటో తీశారు. తర్వాత డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. గది అవతలి గోడకు పెద్ద తెర, దాని మీద నా కంటి వెనక పొర. పచ్చి పసుపు కొమ్మును విరిస్తే కనిపించే రంగు. దాని మీద ఎర్రటి నరాలు పొలాల మధ్య పిల్లకాలువల్లా పాకి ఉన్నాయి. నా కళ్ళలో మందున్నా సరే, ఈ ఏడాదిలో అంత నిఖార్సైన బొమ్మ నేను ఇంకొకటి చూడలేదు.

డాక్టరమ్మ ఒక చోటును పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఏమీ మాట్లాడలేదు. కొనేవాడు కొమ్ము విరిచి చూసి మాట్లాడకుండా నిలబడితే దాని అర్థమేమిటో నాకంటే బాగా యార్డులో ఎవరికీ తెలియదు.

"మీ ఇంట్లో షుగర్‌తో ఎవరికైనా చూపు పోయిందా?" అని అడిగింది.

"మా బాపుకు," అన్నాను. దానికి ఇంకేమీ కలపలేదు.

ఆమె తల ఊపింది. రెండు కళ్ళూ బాగున్నాయి, అద్దాల నంబరు మారింది, అంతే, లేని బోర్డు ఉన్నట్టనిపించింది అందుకే, ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి అంది. బయటికొచ్చి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎండలో మా ఆవిడ భుజం పట్టుకుని, పెళ్ళికొడుకులా నడిచాను.

ఇప్పుడు ఒప్పుకుంటాను. టీవీకి గోడను బిగించడం లాంటివి మీరే కోసేసుకుని ఉంటారు, వాటి గురించి మాట్లాడను. మాస్టర్ సూది నిజం. బస్సులో అక్క నిజం. ఆ తెర మీది బొమ్మా నిజం. డాక్టరమ్మ చివరన్న మాటలూ, ఆ పెళ్ళికొడుకు నడకా మాత్రం నేను పుట్టించాను.

ఆమె అన్నది ఇది. కుడి కంటికి ఇంకా ఏమీ రాలేదు. ఎడమ కన్ను వెనక నెత్తుటి చుక్కలు పడ్డాయి, వాపు కూడా ఉంది. లేజరు పెట్టాలి, అవసరమైతే కంట్లోకి సూది వేయాలి. ఉన్న చూపు నిలబెట్టడానికి చూస్తాం, పోయినంత మేర వెనక్కి తెస్తామని మాత్రం మాటివ్వలేం. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఏమయ్యేదో కూడా చెప్పింది. అది మా ఆవిడ విన్నది, నేను వినలేదు.

ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాద్దామని కూర్చున్నప్పుడు చెయ్యి సాగలేదు. అందుకే ముందు ఆ అబద్ధం రాశాను. రాసి, కాసేపు దాని నీడలో కూర్చున్నాను. మొదటి లేజరు వచ్చే వారం. కన్ను కదిలించకుండా కూర్చోవాలట.