సశేషం కోసం రేపల్లె వెళితే

నిన్న మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను గానీ, ముందు ఆ టీ ఒక గుక్క మింగేయండి. నవ్వొస్తే చొక్కా మీద పడుతుంది. ఒక సీరియల్ చివరి భాగం చదువుదామని రేపల్లె వెళ్ళి, పెళ్ళి కుదుర్చుకుని తిరిగొచ్చినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? చూడండి. మీ ఎదురుగానే కూర్చున్నాడు!

అప్పటికి నాకు బాపట్లలో ఉద్యోగం కొత్త. వానలో బస్సు దిగుతూ మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు వేసి, నెల రోజులు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. తెనాలిలో మా సుశీలక్క ఇంట్లో మంచం వేశారు. అక్క టీచరు. పొద్దున్నే స్కూలుకు పోతూ, చేతికి ఏ పుస్తకం దొరికితే అది నా పక్కన పడేసి పోయేది. ఏరుకునే వీలెక్కడిది నాకు? పడేసింది పడేసినట్టు చదివేశాను. అంత కలగాపులగంగా చదివిన నెల నా జన్మలో ఇంకోటి లేదు, అంత గొప్ప నెల కూడా లేదు.

మొదట చర్చి అయ్యగారి ప్రసంగాల పుస్తకం. తర్వాత మా బావ ఎరువుల కొట్టు నుంచి సుడిదోమ మీద ఒక చిన్న పుస్తకం. మీరు నమ్మరు గానీ, ఎంత బాగుందో! ఆ పురుగు వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తూంటుందట, పైకి మాత్రం చేను పచ్చగానే కనిపిస్తూంటుందట. నేను అదివరకు అద్దె షాపు నుంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలల్లో ఒక్క హంతకుడికీ అంత తెలివి లేదు. ఆ తర్వాత హోమియో వైద్యం. గర్భిణీల అధ్యాయం తప్ప మిగతా రోగాలన్నీ నాకే ఉన్నాయని తేలింది. ఒక రోజు ఇంకేం దొరక్క రైల్వే టైంటేబులు చదివాను. మంచం మీద పడుకునే దేశమంతా తిరిగొచ్చాను! ఎవరు రాశారో మహానుభావుడు, అందులో అనవసరమైన మాట ఒక్కటి లేదండి.

అదిగో, అలాంటప్పుడు అక్క ఒక బైండు పుస్తకం తెచ్చింది. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి. వారపత్రికలో సీరియల్ పేజీలు వారం వారం కత్తిరించి, దాచి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటిస్తారు చూడండి, అలాంటిది. పేజీ వెనక్కి తిప్పితే సగం తెగిన కాకరకాయ వేపుడు ఉంటుంది.

"ఎవరిదక్కా ఇది?"

"రేపల్లె కరుణది. జోసెఫ్ మాస్టారి అమ్మాయి. నాతో ట్రైనింగ్ చేసింది. జాగ్రత్తగా చదువు, మరక పడితే నన్ను చంపేస్తుంది."

కథ బాగానే ఉంది. కానీ ఆ పుస్తకం అంచుల్లో, పెన్సిలుతో, చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు! హీరో నదిలోకి దూకి హీరోయిన్ని కాపాడతాడా, పక్కన ఈవిడ రాసింది: 'కిందటి వారం వీడికి ఈత రాదన్నారు.' హీరోయిన్ అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుంటుందా, 'ఏడ్చింది చాలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి' అని రాసింది. నిజంగానే ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి నాలుగు పేజీలైంది! నాకు తట్టలేదు. రాసిన రచయితకూ తట్టలేదు. ఈవిడకు తట్టింది! విలన్ చెడ్డ పనులన్నీ చేసి పశ్చాత్తాపపడిన చోట మాత్రం ఒక్క ముక్క: 'పోనీలే పాపం.' తెలివీ ఉంది, జాలీ ఉంది. ఏం మనిషండీ! చివరకు కథ వదిలేసి ముందు అంచులు చదవడం మొదలుపెట్టాను.

అలా చదువుతూ చదువుతూ చివరి పేజీకొచ్చాను. భర్త తప్పిపోయాడు, స్నేహితుడు మోసం చేశాడు, అన్న మిలిటరీ నుంచి ఉత్తరం రాయడం మానేశాడు. అప్పుడు ఎవరో తలుపు కొట్టారు. హీరోయిన్ తలుపు తీసింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, "నువ్వా!" అంది.

సశేషం.

పేజీ తిప్పితే అట్ట!

"అక్కా! ఎవరొచ్చారు? తలుపు దగ్గరెవరు?"

అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఎవరూ లేరుగా, తలుపు వేసే ఉంది."

"ఆ తలుపు కాదక్కా! చివరి వారం ఏది?"

అక్క నన్నూ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ఏదో ఉందని ఇప్పుడంటాను గానీ, అప్పుడు నాకేం తెలుసు? "కుట్టడం మర్చిపోయుంటుందిరా. వాళ్ళింట్లోనే ఉంటుంది. కట్టు విప్పాక వెళ్ళి చదువుకుందువుగాని" అంది.

కట్టు విప్పిన వారంలోనే, ఆదివారం ఆరాధన కాగానే, రేపల్లె పాసింజరు ఎక్కాం. కాలు సరిగా లేదుగా, తోడొస్తానంది అక్క. నా చేత ఇస్త్రీ చొక్కా వేయించింది. తను పట్టుచీర కట్టింది. సంచి నిండా యాపిల్ పళ్ళు.

"సీరియల్ చదవడానికి పళ్ళెందుకక్కా?"

"ఉత్త చేతులతో ఎవరింటికైనా వెళ్తామా?" అంది. నిజమే కదా అనుకున్నాను. నా తెలివి అలాంటిది!

తలుపు తీసింది కరుణే. తెల్ల చీర, నీలం అంచు. ముందు నా మొహం చూడలేదండి, నా చేతులు చూసింది. తర్వాత సంచిలోకి చూసింది. పళ్ళు కనపడగానే ఆవిడ మొహం కాస్త వాడింది. "వందనాలండి, లోపలికి రండి" అంది.

లోపల జోసెఫ్ మాస్టారు, వాళ్ళావిడ. లడ్డూలు, జంతికలు, వేడి వేడి అరటికాయ బజ్జీలు. పుస్తకం కోసం వచ్చినవాడికి ఇంత మర్యాదా! రేపల్లెలో చదువరులంటే ఎంత గౌరవమో అని పొంగిపోయాను. మాస్టారు నా ఉద్యోగం అడిగారు, క్వార్టర్సు ఇస్తారా అని అడిగారు, నడిచి చూపించమన్నారు. కాలు గురించి పాపం ఎంత ఆదుర్దా అనుకున్నాను. నడిచి చూపించాను.

"ప్రార్థన చేసుకుని మొదలుపెడదాం" అన్నారు. కళ్ళు మూసుకున్నాం.

"ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డను తెనాలి నుంచి క్షేమంగా నడిపించావు. విరిగిన కాలు బాగుచేశావు..."

నిజం చెప్పొద్దూ, నా మనసు ప్రార్థన మీద లేదు. సగం బజ్జీల మీద, సగం ఆ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మీద ఉంది. భర్తా? అన్నా? మాస్టారి మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నాయి.

"...ఈ రెండు కుటుంబాలను ఏకం చేయాలన్న నీ చిత్తానికి వందనాలు చెల్లిస్తూ..."

"ఆమెన్!"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నది నేనే! మాస్టారికి కళ్ళు చెమర్చాయి. "ఎంత మనస్ఫూర్తిగా చెప్పాడమ్మా! మరి అబ్బాయీ, క్రిస్మస్‌కు ముందా, తర్వాతా?"

"ఏదండీ?" అన్నాను, బజ్జీ నోట్లో పెట్టుకుంటూ.

"ఇంకేది బాబూ, పెళ్ళి!"

బజ్జీ గొంతులో అడ్డం పడింది. అక్క వైపు చూశాను. అక్క గోడ మీద గడియారం వైపు చూస్తోంది. నీళ్ళు తాగి, వీపు మీద నాలుగు తట్టించుకుని తేరుకున్నాక, "పిల్లలిద్దరూ వసారాలో కాసేపు మాట్లాడుకోండి" అని పంపించారు.

వసారాలో చెరో కుర్చీ. ఎలా మొదలుపెట్టాలో తెలీక, వచ్చిన పనే అడిగేశాను. "ఏవండీ, చివరి వారం ఉందా?"

ఆవిడ తలెత్తింది. "అదేంటండీ! మీరు తేలేదా?"

"నేనా?"

"మా అమ్మ ఆ వారం పేజీల్లో ఎండుచేపలు చుట్టి చుట్టాలకిచ్చేసింది. మీ దగ్గరుందనీ, పెళ్ళిచూపులకొస్తూ తెస్తారనీ మీ అక్క చెప్పారు. అందుకేగా నేను సరేనన్నది!"

ఇద్దరం ఒకేసారి కిటికీలోంచి లోపలికి చూశాం. అక్క తీరిగ్గా లడ్డూ తింటోంది.

కరుణ గొంతు తగ్గించింది. "అయితే మీరు పెళ్ళిచూపులకు రాలేదన్నమాట. ఇప్పుడు లోపలికెళ్ళి ఆ మాట చెప్తే మా నాన్న మొహం ఎక్కడ పెట్టుకుంటారండీ? ఇరుగూపొరుగూ అందరికీ చెప్పేశారు." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూ అడిగితే తప్పించుకునేవాణ్ణేమో గానీ, ఆ మొహం చూశాక నాకు కాళ్ళాడలేదు. ఒకటి ముందే ఆడదనుకోండి.

"రాలేదు గానీ..." అన్నాను. "ఆ పాలు పొయ్యి మీద ఉన్నాయని రాశారు చూడండి. అది చదివిన రోజు నుంచీ ఈ రాసిన మనిషి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తలుపు దగ్గర ఎవరున్నారో తెలియకపోయినా ఫర్లేదండి, నా ఆమెన్ ఆమెనే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఒక్క క్షణం ఆలోచించి, "అవి గంట సేపటి నుంచి పొంగుతున్నాయండి!" అంది. ఇద్దరికీ ఎంత నవ్వొచ్చిందంటే, లోపల మాస్టారు మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టారు.

క్రిస్మస్‌కు ముందే పెళ్ళయింది. ఆ చివరి వారం కోసం తెనాలిలో, బాపట్లలో పాత పేపర్ల కొట్లన్నీ గాలించాను. దొరకలేదు. అక్కను అడిగితే, "ఆ కథ నేనసలు చదవలేదే!" అంది.

ఇక నిన్నటి సంగతి. ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ బైండు పుస్తకం బయటపడింది. మా ఆవిడ వంటింట్లో ఉంది. పాత పరిచయం కదా, ముచ్చటగా చివరి పేజీ తీశాను. హీరోయిన్ తలుపు తీసి "నువ్వా!" అన్న చోట, సశేషం కింద, అదే గుండ్రటి పెన్సిలు అక్షరాలు. నేను మంచం మీద చదివినప్పుడు లేవు. పెళ్ళయ్యాక ఎప్పుడు రాసిందో మరి.

'ఇంకెవరు! కుంటుకుంటూ, ఉత్త చేతులతో వచ్చాడు. పోనీలే పాపం.'