ముత్తన్న వెతికిన ఇంగ్లండు దారులు

ముత్తన్న ఇంగ్లండు ఎన్నడూ వెళ్లలేదు. అయినా యార్క్‌షైర్ కొండల్లో కుక్కను ఏ దారిన నడిపిస్తే మంచిదో అతనికి తెలిసినంతగా బహ్రెయిన్‌లో మరొకరికి తెలియదని ప్రమాణం చేసి చెప్పగలను. నా పేరు శాంతిరాజు, మాది నరసాపురం దగ్గర. ఎనభైల్లో మీనా సల్మాన్ రేవు పక్కన ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా చేసేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆ నోటితో నేను చేసిన పని ఒకటి ఇందులో ఉంది, దాచను.

ముత్తన్నది కోరుట్ల వైపు పల్లె. కురుమలు. రెండేళ్ల కరువు, దాని వెనకే వచ్చిన రోగం కలిసి గొర్రెల మందను తుడిచిపెట్టేశాయి. భార్య చంద్రవ్వను ఊళ్లో వదిలి దుబాయికని బయల్దేరి బహ్రెయిన్‌లో దిగాడు. నాలుగేళ్లున్నా దుబాయనే అన్నాడు. నేను సరిదిద్దబోతే, "ఏదైతేంది తమ్మీ, ఇసుకనే గదా" అనేవాడు. కొన్నాళ్లు సౌదీకి సముద్రం మీద కడుతున్న వంతెన పనిలో రాళ్లు మోశాడు. తర్వాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అతన్ని బుదైయాలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు విల్లాకు తోటపనికి పంపాడు. మళ్లీ ఒక మంద కట్టుకోవాలన్నది ఒక్కటే అతని కోరిక. ఇంకో రెండేళ్లు ఈ కొలువు నిలిస్తే చాలు, అది తీరేది.

ఆ ఇంజనీరు పేరు హార్వుడ్. భార్య చనిపోయింది, మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె ముద్దుగా పెంచిన కుక్క ఒకటి మిగిలింది. దాని పేరు మెగ్. ముత్తన్న నోట్లో అది మొదటి రోజే మెగవ్వ అయిపోయింది. తోటపని కాక, పొద్దునా సాయంత్రమూ దాన్ని నడిపించడం కూడా అతని డ్యూటీయే.

చేరిన మొదటి రెండు రోజులూ ముత్తన్న కుక్కను బయటికి తీసుకెళ్లనే లేదు. తాను మాత్రం పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేవాడు. పని ఎగ్గొడుతున్నాడనుకున్న హార్వుడ్, పైపుల లెక్క కోసం మా గోడౌన్‌కు వచ్చినప్పుడు తెలుగు మాట్లాడే నన్ను చూసి కారెక్కించుకుని తీసుకెళ్లాడు. సంగతేమిటని నేను కసిరితే ముత్తన్న నన్నే ఎగాదిగా చూశాడు.

"జీవాన్ని కొత్త మేతకు తోలేముందుగాల మనిషి పోయి సూసి రావాలె. నీళ్లేడున్నయో, ముండ్లేడున్నయో తెల్వకుండ ఎట్ల తోలుకపోత?"

నేను అనువదించి చెప్పాను. హార్వుడ్ లోపలికి వెళ్లి ముగ్గురికీ టీ తనే పెట్టుకొచ్చాడు. నోట పెట్టలేనట్టుంది, అయినా తాగాం.

ముత్తన్న చూసి వచ్చిన దారులు నిజంగానే మంచివి. ఖర్జూరం తోటల వెనక నీటి కాలువ గట్టు ఒకటి. పోటు తీసినప్పుడు బయటపడే సముద్రపు ఒడ్డు ఒకటి. నమాజుకు కాళ్లు కడుక్కుని వచ్చేవాళ్లకు కుక్క తగలకూడదని మసీదు వీధిని పూర్తిగా వదిలేశాడు. తోటల్లో పనిచేసే ముసలివాళ్లు మొదట్లో ముఖం తిప్పుకునేవారు. ఏడాదికల్లా దూరం నుంచే చెయ్యెత్తి పలకరించేవారు.

అప్పటి నుంచి సెలవు రోజైన శుక్రవారం అక్కడికి వెళ్లడం నాకు అలవాటైపోయింది. పొద్దున మా తెలుగువాళ్ల చర్చి ప్రార్థన ముగించుకుని, మధ్యాహ్నం బుదైయా బస్సెక్కేవాణ్ణి. హార్వుడ్ యార్క్‌షైర్‌లోని తన ఊరి మ్యాపు నేల మీద పరిచేవాడు. మంచం దుప్పటంత మ్యాపు అది. ఆకుపచ్చ చుక్కలన్నీ నడిచే దారులు. ఆయన వేలు పెట్టి ఒక్కో దారీ చెప్పుకుంటూ పోతే, నేను తెలుగులో చెప్పేవాణ్ణి, ముత్తన్న కళ్లు మూసుకుని వినేవాడు. మెగ్ మ్యాపు అంచు మీద గడ్డం ఆనించి పడుకునేది.

"గా దారి ఎవల చేన్లకెళ్లి పోతది?"

"రైతుదేనట. కానీ ఎవరైనా నడవొచ్చట, అది చట్టమట."

"పరాయోని చేన్లకెళ్లి పోతే కట్టె పట్టుకోని ఉరికిరాడా?"

"గేటు మూసి వెళ్తే చాలట."

ముత్తన్న కళ్లు తెరిచి హార్వుడ్‌ను కాసేపు చూశాడు. అంత మంచి దేశమా అన్న అనుమానం ఆ చూపులో ఉంది. మళ్లీ కళ్లు మూసుకుని, నీళ్లు ఎటువైపున్నాయో, గాలి ఎటునుంచి కొడుతుందో అడగమన్నాడు. నీడ ఎక్కడుందో అడిగినప్పుడు మాత్రం హార్వుడ్‌కు నవ్వాగలేదు. అక్కడ ఎండ కోసం వెతుక్కుంటారట.

బయట కిటికీ ఇనుము చెయ్యి పెడితే కాలేది. లోపల మేం ముగ్గురం వానలో నడుస్తుండేవాళ్లం. రాతి గోడలు దాటేవాళ్లం, చిన్న చెక్క వంతెన ఎక్కి దిగేవాళ్లం. మబ్బు కొండ మీదికి దిగివస్తోందని హార్వుడ్ అంటే నా ఒంటికి చలి తగిలేది. ఒకరోజు బయటికి వచ్చి చెప్పులు వేసుకోబోతూ బురద ఉందేమోనని తిప్పి చూసుకున్నాను. నన్ను చూసి ముత్తన్న కూడా తన చెప్పులు దులిపాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజుల్లో నేనంత హాయిగా ఎక్కడా లేను.

తర్వాత కాలువ గట్టు మీద కూడా ముత్తన్న ఆ మ్యాపులోని దారే నడిచేవాడు. "గిది చెక్క వంతెన, మెల్లగ దిగు" అని మెగవ్వకు చెప్పేవాడు. అక్కడ వంతెన లేదు, ఒక తాటి దుంగ ఉంది. మెగవ్వ మెల్లగానే దిగేది.

ఎనభై అయిదు చివర్లో హార్వుడ్‌కు అరవై నిండాయి. ఇంటికి వెళ్లిపోవచ్చు. కావాలంటే కంపెనీ మరో రెండేళ్లు ఉంచుకుంటానంది. చిక్కంతా మెగ్‌తోనే. బయటి నుంచి వచ్చిన కుక్కను ఇంగ్లండులో ఆరు నెలలు బోనులో విడిగా ఉంచుతారు. దానికప్పటికే తొమ్మిదేళ్లు. అది తట్టుకోలేదంటే తానూ వెళ్లనన్నాడాయన. తట్టుకుంటుందా లేదా అన్నది ముత్తన్నే చెప్పాలన్నాడు.

తట్టుకుంటుందంటే దొర వెళ్తాడు, ముత్తన్న కొలువు ఖలాస్. కురుమలు వేసవిలో దూరపు మేతలకు వలస పోయేముందు, నడవగలదో లేదో తెలియని గొర్రెను మూడు రోజులు ఒంటరిగా కట్టి చూస్తారట. బోను చంపదు, ఒంటరితనం చంపుతుంది అని ముత్తన్న లెక్క. మెగవ్వను పెరటి షెడ్డులో పెట్టించి, తన వాసన తగలకూడదని ఆ మూడు రోజులూ మీనా సల్మాన్‌లో నా గదికి వచ్చేశాడు. అన్నం సరిగా తినలేదు.

"బతకదని చెప్పేస్తే పోలా? రెండేళ్లు. నీ మంద నీకొస్తుంది. ఆ ముసలాయనకు ఇక్కడ లోటేముంది?" అని కోప్పడ్డాను.

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు శుక్రవారం, ఇద్దరం విల్లాకు వెళ్లాం. మొదటి రోజు తిండి ముట్టలేదనీ, రెండో రోజు నీళ్లు తాగిందనీ, నిన్న గిన్నె ఖాళీ చేసిందనీ హార్వుడ్ చెప్పాడు. అది ఆకలో నిరాశో తనకు తెలియదన్నాడు. ముత్తన్న షెడ్డులోకి వెళ్లి దాని చిగుళ్లు చూశాడు, పక్కటెముకలు తడిమాడు, నాలుగడుగులు నడిపించాడు. బయటికి వచ్చి నాతో అన్నాడు.

"పోతది. ఆర్నెల్లు గాదు, ఏడాదైనా ఉంటది. గట్టి పానం. సార్‌కు చెప్పు."

నేను హార్వుడ్ వైపు తిరిగి, తట్టుకోదంటున్నాడని చెప్పాను.

ఎలా చెప్పానో నాకే తెలియదు. పొద్దున ప్రార్థన చేసి వచ్చిన నోరు అది. హార్వుడ్ మెట్ల మీద కూలబడి మెగ్ మెడ చుట్టూ చేతులు వేశాడు. కన్నీళ్లు తుడుచుకుని, అయితే ఉండిపోతానులే అన్నాడు.

ముత్తన్న ఆయన ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. మూడేళ్లు దొర దగ్గర ఉన్నవాడు, ఆ ముఖం చదవడానికి నా అనువాదం అతనికి అక్కర్లేదు.

"సాబ్, మెగ్ గుడ్. సిక్స్ మంత్ గుడ్. యూ గో" అన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ అదే మాట చెప్పాడు.

హార్వుడ్ అర్థంకాక నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఏం జెప్పినవ్ తమ్మీ నువ్వు?"

"నీ కోసమే చెప్పాను ముత్తన్నా."

"జీవం మీద అబద్ధమాడి కొన్న మంద నా దొడ్ల నిలుస్తదా?" అతను గొంతు పెంచలేదు. కొట్టినా అంత బాధ ఉండేది కాదు. "సార్‌కు జెప్పు, తప్పు జెప్పిన్నని."

చెప్పాను. హార్వుడ్ మ్యాపు తెచ్చి మెట్ల మీదే పరిచి, బోను నుంచి వచ్చాక మెగ్‌ను ముందుగా ఏ దారిన తీసుకెళ్లాలో ముత్తన్ననే చెప్పమన్నాడు. ఆయన ఇష్టపడే కొండ దారిని ముత్తన్న ఒప్పుకోలేదు. ఆరు నెలలు కూర్చున్న కాళ్లకు ఎక్కుడు పనికిరాదన్నాడు. వాగు వెంట ఉన్న పొట్టి దారి మీద వేలు పెట్టాడు. హార్వుడ్ దానికి ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు.

తర్వాత తలెత్తి, నువ్వేం చేస్తావని ముత్తన్నను అడిగాడు.

"ఇంటికి పోయి ఇంకోల మందెన్క జీతముంట" అన్నాడు ముత్తన్న.

అతని బతుకు బాగుంటుందనో, భగవంతుడున్నాడనో ఏదో ఒకటి కలిపి మెత్తగా చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. ముత్తన్న నావైపే చూస్తున్నాడు. ఇంటికెళ్లి వేరేవాళ్ల గొర్రెలు కాస్తాడని, ఉన్నదున్నట్టు చెప్పాను.