రేకు డబ్బా గొంతు

మా బావది పుట్టుకతో వచ్చిన మొండితనం. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం ఆయన పని. బయట ఎవరికి ఏది కావాలంటే అది వేసిపెడతాడు గానీ, ఇంట్లో మాత్రం పెళ్లయిన కొత్తలో ఎక్కించిన ఓపెన్ సోర్స్ సిస్టమ్‌నే పట్టుకుని వేళ్లాడాడు. ఎవరో ముక్కూమొహం తెలియని నలుగురు కలిసి తయారుచేసి, ఊరికే పంచిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ అది.

"దాన్ని మారిస్తే నన్ను మార్చినట్టే" అనేవాడు.

"అయితే అక్క ఎప్పుడో మార్చాల్సింది బావా" అనేవాణ్ణి నేను.

నిజానికి అక్క పని కూడా దానిమీదే నడిచేది. అక్కకు చూపు పోయి చాలాకాలమైంది. ఒక అనువాద సంస్థ పంపే పేజీలను కంప్యూటర్ పైకి చదువుతుంటే, చెవులతో విని తప్పులు దిద్దుతుంది. ఆ చదివే గొంతు ఉందే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది. వాళ్లింట్లోనే ఉండే నాకు, కాసేపు వింటే చాలు, తల దిమ్మెక్కిపోయేది.

ఈమధ్య ఆ సిస్టమ్ తయారుచేసిన నలుగురికీ ఓపిక అయిపోయింది. ఇక అప్‌డేట్లు ఉండవని చెప్పేసి దుకాణం కట్టేశారు. కొన్నాళ్లకు సంస్థవాళ్ల వెబ్‌సైటు మా కంప్యూటర్లో తెరుచుకోవడం మానేసింది. పేజీలు రాకపోతే అక్కకు పని లేదు. ఇంకో ఓపెన్ సోర్స్ సిస్టమ్‌కు మారక బావకు తప్పలేదు.

సెలవురోజంతా దానిముందే కూర్చున్నాడు. ప్రింటర్ దారికొస్తే కీబోర్డు మొరాయించింది.

"ఈ వయసులో మళ్లీ అఆలు దిద్దుకోవాలిరా" అని కళ్లు నులుముకున్నాడు. నాకు జాలేసింది. అంత విసుగులోనూ ఒక్క పని మాత్రం ముచ్చటపడి చేశాడు. పాత గొంతు బదులు తియ్యటి ఆడగొంతు ఒకటి వెతికి పెట్టాడు. అచ్చం మనిషిలాగే మాట్లాడింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుందండీ" అంది అక్క.

నెల తిరక్కుండానే సంస్థ నుంచి ఫోనొచ్చింది. నేనే ఎత్తాను. పని బాగా ఆలస్యమవుతోందట, ఇలాగే ఉంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. అక్కను నిలదీశాను.

"ఆ కొత్త గొంతావిడ నింపాదిగా మాట్లాడుతుందిరా. వేగం పెంచితే సగం అక్షరాలు మింగేస్తుంది. విన్న వాక్యమే మళ్లీ మళ్లీ వింటున్నా. పాత గొంతు ఎంత పరిగెత్తినా ఒక్క ఒత్తు కూడా వదిలేది కాదు."

"బావతో చెప్పడానికేమైంది నీకు?"

"ఆయన ఎంత అలిసిపోయారో నీకు కనబడింది, నాకు వినబడింది. మళ్లీ కూర్చోమని ఏ నోటితో చెప్పను?"

నాకు ఒళ్లు మండింది. వీళ్లిద్దరి మొహమాటం మధ్య పని కాస్తా చేజారేలా ఉంది. సాయంత్రం బావ గుమ్మంలో చెప్పులు విప్పకముందే అంతా కక్కేశాను. ఆయన చెప్పులతోనే గోడకానుకుని నిలబడిపోయాడు.

"బాగుందనుకున్నవి నా చెవులు కదా" అన్నాడు. "వినేది తనైతే."

మొహం కడుక్కోకుండానే కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. వెతగ్గా వెతగ్గా పాత గొంతు కొత్త సిస్టమ్‌లోనూ ఓ మూల దొరికింది. దాన్ని లేపి కూర్చోబెట్టేసరికి ఆయన టీ చల్లారి మీగడ కట్టింది.

ఉన్నట్టుండి గదంతా గులకరాళ్ల మోత. అక్క వీపు నిటారుగా అయింది. వేళ్లు కీబోర్డు మీద పరుగందుకున్నాయి.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. రెప్పలు బరువుగా దిగుతున్నాయి.

"ఇన్నేళ్లు ఇంట్లో మోగింది, నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏమంటోంది అది?"

అక్క దిద్దడం ఆపలేదు.

"మిమ్మల్ని ఇక పడుకోమంటోంది" అంది.