అమ్మవారి పెదవి మీద ఆ నవ్వు

మా పనిలో కళ్లు ఆఖరున తెరుస్తాం. ఒళ్లు, చేతులు, నగలు, కిరీటం అన్నీ అయ్యాక, ముక్కూ నోరూ కుదిరాయనుకున్నాకే కళ్ల జోలికి పోతాం. అందుకే ఆ రోజు మా షెడ్డులో నిలబడి ఉన్న అమ్మవారికి ఇంకా చూపు రాలేదు. నవ్వు మాత్రం వచ్చేసింది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే మా రేకుల షెడ్డు. నంద్యాల దగ్గరి ఒక పల్లెవాళ్లు తమ గుడికి అమ్మవారిని చెక్కమన్నారు. మధ్యాహ్నం నాకు అన్నం క్యారియర్ తెచ్చిన నా కూతురు విగ్రహం ముందు ఆగి, పైనుంచి కిందికి చూసింది.

"నాయనా, ఈమె ఫోన్లో వచ్చే ఆయమ్మ మాదిరే నవ్వుతాంది" అంది.

కసురుకుని పంపేశాను. పొగడకపోయినా ఓర్చుకుంటాను గానీ ఇలాంటి మాటలు నాకు పడవు. తను పోయాక మొహం కడుక్కుని, దూరం జరిగి చూశాను. కుడివైపు పెదవి కొస కొంచెం పైకి లేచి ఉంది. వీడియోల మధ్యలో వచ్చి, ఏదో అమ్మడానికి ఒక పక్క నోటితో నవ్విపోయే ప్రకటనల అమ్మాయి నవ్వు అది. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆమెను చెక్కాలని నేను అనుకోలేదు. అన్నం తింటూ, టీ తాగుతూ, బస్సు కోసం నిలబడి ఎన్నిసార్లు చూశానో, నా చేతికి ఆమె కంఠతా వచ్చేసింది.

మా నాయన ఛాతీకి రాతిదుమ్ము పట్టి ఉలి వదిలేసి చాలా కాలమైంది. చూపు కూడా మందగించింది. ఆయన్ను పిలుచుకొచ్చి చూపించాను. అమ్మవారి పెదవి మీద వేలు పెట్టి తడిమాడు. మళ్లీ తడిమాడు. ఎవరీమె అని అడిగాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే కొంత ధైర్యంగా ఉండేది.

"కన్ను ఏం తింటే చెయ్యి అదే కక్కుతాదప్పా" అన్నాడు. "ఉలి పక్కన బెట్టు. అమ్మ మొగం కనపడేదాకా ముట్టుకోవాకు."

పని మొదలుపెట్టే ముందు మేము ధ్యానశ్లోకం చెప్పుకుని కళ్లు మూసుకుని కూర్చుంటాం. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏముంది, అన్నీ శ్లోకంలో ఉంటాయి. మొహం మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. ఒకప్పుడు నాకది మంచినీళ్లు తాగినంత సులువు. ఆ సాయంత్రం కూర్చున్నాను. శ్లోకం వచ్చింది, మొహం రాలేదు. దోసెలు పోసేవాడు వచ్చాడు, కుక్కపిల్ల వచ్చింది, ఎవరో కొట్లాడుకున్నారు, ఎవరో ఎగిరారు, మళ్లీ ఆ అమ్మాయి నవ్వింది. కళ్లు మూసుకున్నా చీకటి ఫోను తెర మాదిరి పైకి జరిగిపోతూనే ఉంది. చూసుకుంటే నా బొటనవేలు తొడ మీద కదులుతోంది. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. ఇది పోతే నేను రాళ్లు కొట్టేవాణ్ణే గానీ శిల్పిని కాను.

ఇక జన్మలో ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున్నే ఇంకో ఊరివాళ్లు తమకు కావలసిన నంది బొమ్మ ఫోటో పంపారు. అది చూడటానికి తీసినవాణ్ణి, అన్నం చల్లారిందని భార్య అరిచేదాకా తల ఎత్తలేదు. అప్పుడు ఇంకా ఎక్కువ భయపడ్డాను. లోపం కళ్లదేమోనన్న ఆశతో నంద్యాల వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. నా కళ్లు చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకుంటూ డాక్టరు ముందు కూర్చున్నాను. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడాయన.

తిరుగు బస్సులో అందరి తలలూ వంగి ఉన్నాయి. నేనూ జేబులో చెయ్యి పెట్టి, అక్కడే ఆపుకున్నాను. ముందు సీట్లో ఒకామె పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని నిద్రపోతోంది. బస్సు కుదిపినప్పుడల్లా వాడి తల కిటికీ ఊచకు తగలబోతే, ఆమె చెయ్యి మధ్యలో అడ్డం వచ్చేది. ఆమె మాత్రం కళ్లు తెరవలేదు.

ఇంటికొచ్చాక పెద్ద ఒట్లు మానేసి, చిన్న కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఫోను వంటింట్లో భార్య దగ్గర ఉంటుంది, కావాలంటే అడిగి తీసుకోవాలి. అడగడానికి సిగ్గేసి సగం చూపులు అక్కడే ఆగిపోయాయి. ఏదైనా చూస్తే చివరిదాకా చూడాలి. ఒక ముసలాయన నాదస్వరం వాయిస్తుంటే కదలకుండా వినేసరికి, నా వేలు దురద పెట్టినట్టు కొట్టుకుంది. అన్నిటికంటే కష్టమైనది మా నాయన మాటలోంచి తీసుకున్నదే. ఏది తెరిచినా, ఇది రేపు నా చేతిలోంచి రాతి మీదికొస్తే ఒప్పుకుంటానా అని నన్ను నేను అడగాలి. చాలావాటికి ఒప్పుకోనని జవాబొచ్చేది. ఒప్పుకోకుండానే చూసిన రోజులూ ఉన్నాయి.

పల్లెవాళ్లు జాతర దగ్గరపడిందని రెండుసార్లు మనిషిని పంపారు. నేను రోజూ రాయి ముందు కూర్చుని లేచి వచ్చేవాణ్ణి. ఒక ఉదయం శ్లోకం అయ్యాక ఏదీ పైకి జరగలేదు. బస్సులో చూసిన చెయ్యి వచ్చింది. చాలాసేపటికి దాని వెనక మొహం వచ్చింది. రెప్పలు వాలి ఉన్నాయి, నిద్ర లేదు. పెదవుల మీద నవ్వు ఉందో లేదో చెప్పలేం.

ఆ నవ్వు పోవాలంటే బుగ్గ మొత్తం చెక్కి లోపలికి దించాలి. దించడానికి మిగిలింది గోరు మందం రాయి. రాయి ఒకసారి పోతే మళ్లీ అతికేది కాదు. సుత్తి అందుకున్నాను. మా నాయన స్టూలు మీద కూర్చుని కేవలం చప్పుడు వింటున్నాడు. పెదవి కొస పొడై రాలి నా పాదం మీద పడింది. ఆ తర్వాత ఆయన వచ్చి తడిమి, టీ తాగడానికి వెళ్లాడు. నేను అమ్మవారి కళ్లు తెరిచాను.

ప్రతిష్ఠ అయ్యాక పల్లెవాళ్లు నెట్లో పెట్టిన వీడియో లింకు పంపారు. ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. నా కూతురు వచ్చి భుజం మీదుగా వంగింది. పసుపు నీళ్లు జారుతున్న ఆ మొహాన్ని చూస్తే నేను చెక్కానంటే నాకే నమ్మకం కలగలేదు. అది అయిపోగానే దానంతట అదే ఇంకొకటి వచ్చింది. అదే అమ్మాయి, అదే నవ్వు.

తల తిప్పాను. నా కూతురు తెర వైపే చూస్తోంది. తన కుడివైపు పెదవి కొస కొంచెం పైకి లేచి ఉంది. ఆ కొలత నా చేతికి తెలుసు.

ఫోను బోర్లా పెట్టేశాను.

"ఏంది నాయనా, ఆపేసినావు?" అంది, ఆ నవ్వుతోనే.

రాతి మీద అయితే నా దగ్గర ఉలి ఉండింది.