ముందు బెంచీలో వినిపించిన గిటార్

కొవ్వూరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారం మా చర్చిలో గిటార్ వాయిస్తాను. ఎనిమిదేళ్లు మామూలు శబ్దంతోనే వాయించాను. కిందటేడు వేసవి సెలవుల్లో ఒక డ్రైవ్ పెడల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కాలితో నొక్కితే గిటార్ శబ్దానికి కొంచెం గరుకుదనం, బలం తెచ్చే చిన్న ఇనుప పెట్టె అది. ఇంట్లో తలుపులు వేసుకుని, ఆంప్ (గిటార్ స్పీకరు) సౌండ్ తగ్గించి వాయిస్తే ఎంతో బాగుంది.

చర్చిలో మొదటిసారి, రెండో పాట చివరి చరణంలో పెడల్ నొక్కాను. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే పెద్దావిడ ఒకరున్నారు, రిటైరైన నర్సు. ఆవిడ రెండు చెవులూ మూసుకున్నారు. పాట అవ్వకుండానే చేతికర్ర తీసుకుని, మెల్లగా నడుచుకుంటూ ఆఖరి బెంచీకి వెళ్లిపోయారు. అందరూ చూశారు. ఇంటికి వెళ్లే దారి పొడవునా ఆవిడ మీద కోపంగానే ఉంది. పెద్దవాళ్లకి కొత్తది ఏదీ నచ్చదని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

తర్వాతి వారం పెడల్ తీసుకెళ్లలేదు. అయినా ఆవిడ ఆఖరి బెంచీలోనే కూర్చున్నారు. ఆరాధన అయ్యాక నేనే దగ్గరికి వెళ్లాను.

“ఏంటి ఆంటీ, ముందుకు రాలేదు? నా వాయింపు నచ్చలేదాండీ?”

“వాయింపు బాగానే ఉందమ్మా. కానీ ఆ మోత చెవిలో సూది గుచ్చినట్టుంది.”

“నాకలా వినపడలేదండీ.”

“నువ్వు ఆ స్పీకరు పక్కన నిలబడతావు కదా, నీకెలా తెలుస్తుంది? ఒకసారి వచ్చి నా చోట కూర్చో.”

అలా కూర్చుని వినాలని ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

శనివారం సాయంత్రం, బెంచీదాకా అందే పొడవాటి వైరు పట్టుకుని చర్చికి వెళ్లాను. ఆవిడా వచ్చారు. పెడల్ కాళ్ల దగ్గర పెట్టుకుని, ముందు బెంచీలో కూర్చుని తీగలన్నీ కలిపి ఒక్క కార్డ్ వాయించాను. రేకు కోసినట్టుగా వచ్చింది శబ్దం. వేదిక అంచున ఉన్న ఆంప్, కూర్చున్నవాళ్ల చెవులకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ పదునంతా ఎదురుగా ఉన్నవాళ్లకే తగులుతోంది. పక్కన నిలబడే నాకు మొద్దుగా వినపడటంతో, వారం వారం ఆంప్ మీద ట్రెబుల్, అంటే పదును, పెంచుకుంటూ పోయాను. దానికి పెడల్ తోడయ్యేసరికి ఆవిడ లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

లేచి వెళ్లి ట్రెబుల్ సగానికి తగ్గించి, వచ్చి మళ్లీ వాయించాను.

“ఇంకా గుచ్చుతోందాండీ?”

“గుచ్చట్లేదు గానీ, చెవి దగ్గర జోరీగ రొద పెడుతున్నట్టుంది.”

పెడల్ మీద గరుకుదనం పెంచే డ్రైవ్ బాగా తగ్గించాను. దానికి బదులు శబ్దం బలం పెంచే లెవెల్ పెంచాను. పదును ఇంకా తగ్గేలా టోన్ కూడా కొంచెం వెనక్కి తిప్పాను.

“ఇప్పుడో?”

“పాట మొత్తం వాయించమ్మా” అన్నారు ఆవిడ. నేను వాయిస్తుంటే సన్నగా పాడారు. అంతమందిలో ఆవిడ గొంతు నేనెప్పుడూ విడిగా వినలేదు. శ్రుతి ఎక్కడా తప్పలేదు.

“సారీ ఆంటీ. మీకు కొత్తవేవీ నచ్చవేమో అనుకున్నాను.”

“నచ్చకపోతే ఇవాళ వచ్చేదాన్నే కాదమ్మా” అన్నారు.

వెళ్లేముందు ఆంప్‌ని నా వెనక్కి జరిపి, ముందు అంచు కింద ఇటుక పెట్టి, నా మొహం వైపు ఎత్తి ఉండేలా చేశాను. మోత ఎక్కువైతే ముందు నా చెవికే తెలుస్తుంది.

మర్నాడు ఆవిడ రెండో బెంచీదాకా వచ్చి ఆగారు. నేను చివరి చరణంలో పెడల్ నొక్కాను. ఆవిడ పాడుతూనే ఉన్నారు. మిగతావాళ్లలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఎంతైనా ఏరికోరి కొనుక్కున్న వస్తువు కదా. అయ్యాక కీబోర్డ్ వాయించే ఆయన వచ్చి, “గిటార్ ఇవాళ మరీ మెత్తగా ఉందండీ, అసలు ఉందా లేదా అనిపించింది” అన్నారు. ట్రెబుల్ జోలికి పోకుండా మధ్య స్వరాల్ని పెంచే మిడ్ మాత్రం కొద్దిగా పెంచి, మళ్లీ బెంచీలో కూర్చుని విన్నాను.