గీతలు పడని సినిమాలు

మా గోదావరిఖనిలో ఒక సినిమా ఎంత బాగా ఆడిందో తెలియాలంటే దాని డిస్కును వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకుంటే చాలు. ఎన్ని గీతలుంటే అంత హిట్టు. మా వీధి చివరి సీడీల షాపు మూతపడేటప్పుడు ఓనరు నన్ను పిలిచి, "నీకేం గావాల్నో తీస్కపో అన్నా, మిగిలినయి తుక్కుకేస్త" అన్నాడు. టీవీలు బాగుచేసుకు బతికేవాణ్ని కదా, తెలివిగా గీతలు లేనివే ఏరుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ పరదేశపు సినిమాలు, సగానికి పైగా నలుపూ తెలుపూ. వాటిని అద్దెకు తీసుకున్న పాపాన ఎవరూ పోలేదు. గీతలు ఎందుకు పడతాయి?

నా సేకరణ అలా మొదలైంది. అభిరుచితో కాదు, అత్యాశతో. తర్వాత అదే జబ్బయింది. విడిభాగాల కోసం హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత డిస్కుల గుట్టల ముందు గొంతుక్కూర్చునేవాణ్ని. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టినవాణ్ని, అట్ట మీది పేర్లు నాకేం తెలుస్తాయి? నాకొక లెక్కుండేది. బొమ్మలో ఎవరూ తుపాకీ పట్టుకోకుండా, ఎవరూ నవ్వకుండా, ఒక మనిషి కిటికీలోంచి బయటికి చూస్తుంటే అది నాదే. మా ఆవిడ ఆ అట్టలన్నీ వరుసగా చూసి, "ఈళ్లకు ఇంట్ల పనేం ఉండదా? పొద్దంత కిటికీ కాడనే కూసుంటరు" అంది.

ఊళ్లో ఉన్న ఆదివారం మధ్యాహ్నం నా టీవీల షాపులోనే ఆట. బాగయ్యాక కూడా ఎవరూ వచ్చి తీసుకుపోని పెద్ద టీవీ ఒకటుండేది, అదే మా తెర. గనిలో షిఫ్టు లేనివాళ్లు నలుగురైదుగురు వచ్చేవాళ్లు. తెర అడుగున ఇంగ్లిషు అక్షరాలు పడుతుంటాయి. నేను రెండు ముక్కలు కూడబలుక్కునేలోపు మొత్తం వాక్యం వెళ్లిపోతుంది. ఇక లాభం లేదని మాటలు నేనే చెప్పడం మొదలుపెట్టాను. టోపీ పెట్టుకున్న ముసలాయన తలుపు తీసుకుని వచ్చి ఏదో అంటాడు. నేను, "ఏమే, క్యాంటీన్ల ఉప్మా అయిపోయిందట, ఇంట్ల ఏమన్న ఉన్నదా?" అనేవాణ్ని. తెర మీది ముసలామె కళ్లు తుడుచుకుంటుంది, మళ్లీ నేనే: "ఉన్నదంత మీ చెల్లె తినిపోయింది." జనం పడీ పడీ నవ్వేవాళ్లు. నిజం చెప్పాలంటే వాళ్లు సినిమాకు వచ్చేవాళ్లు కాదు, నా నోటికి వచ్చేవాళ్లు.

మా ఆటకు ఇంకో ఇబ్బంది ఉండేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగితే షాపు ఒక్కసారి వణుకుతుంది, డిస్కు ఎగిరి వేరే సీనులో పడుతుంది. చావుబతుకుల్లో ఉన్నవాడు లేచి పెళ్లిలో కూర్చుంటాడు. అందుకని బ్లాస్టింగుకు ముందు మోగే సైరన్ వినపడగానే ఎవరో ఒకరు ప్లేయర్ని ఒడిలోకి తీసుకుని చంటిపిల్లలా పట్టుకోవాలి.

పక్క సందులో మా కాక ఉండేవాడు. చుట్టం కాదు, వీధంతటికీ కాకే. బొగ్గుబాయిలో డ్రిల్లరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ఆ మిషను పట్టుకుని రాయికి బెజ్జాలు వేసీ వేసీ చెవులు పోయాయి. ఎడమ చెవిలో మాత్రం ఇంకాస్త మిగిలింది, అదీ గొంతు చించుకుంటేనే. "కాక దిగిపోయిన నాడు లైటు, టోపి, బూట్లు అన్నీ అప్పజెప్పిండు. లెక్కల చెవులు గుడ కలిపిండు" అని టీ హోటల్లో నేనే అన్నాను. బాగా పేలింది. పేలిన జోకును ఒక్కసారితో వదిలేవాణ్నయితే నా బతుకు వేరేలా ఉండేది. మర్నాటి నుంచి కొత్త ఆట కనిపెట్టాను. కాక ఎదురుగా కూర్చుని గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం ఆడించేవాణ్ని. ఆయన తల ఊపి, "అవు బిడ్డా, మంచిగనే ఉన్న" అనేవాడు. బెంచీ బెంచీ నవ్వేది. నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వేవాడు.

ఒకరోజు నవ్వు మధ్యలో ఆగిపోయాడు. మా ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు, చివర నా ముఖం దగ్గర ఆగాడు. సగం తాగిన టీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన స్టూలు ఖాళీ. ఆ తర్వాత కూడా ఖాళీయే. ఇంట్లోంచి బయటికే రావడం లేదని విన్నాను. విని ఊరుకున్నాను.

నెల రోజులకు చిన్నమ్మ, అంటే కాక భార్య, ఆటోలో టీవీ వేసుకుని షాపుకు వచ్చింది.

"సౌండు అస్తలేదట బిడ్డా, జర చూడు."

పెట్టి చూశాను. సౌండు ఎంత పెద్దగా ఉందంటే ఎదురు దుకాణం వాడు బయటికొచ్చి చూశాడు.

"మంచిగనే ఉన్నది గద చిన్నమ్మా."

"నాకెర్కలేదా?" అంది ఆమె. "టీవీ చెడిపోయిందని ఆయనే అంటడు. చెడింది టీవీ కాదని ఎట్ల చెప్పాలె? అందుకే తెచ్చిన, బాగువడ్డదని తీస్కపోత. నువ్వు రెండు దినాలు ఉంచుకో."

టీవీ ఆపి పక్కన పెట్టాను.  "కాకకు డ్యూటీ ఉన్నదని చెప్పు చిన్నమ్మా" అన్నాను. "ఐతారం నాడు బ్లాస్టింగప్పుడు ప్లేయర్ పట్టుకునెటోడు కావాలె. ఈ పోరగాండ్ల చేతులు వణుకుతున్నయి."

ఆదివారం కాక షిఫ్టుకు వచ్చినట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, ఆటకు పావుగంట ముందే. నా ముఖం చూడకుండా వెళ్లి ప్లేయర్ పక్కన కూర్చున్నాడు. సినిమా పెట్టి, అలవాటు కొద్దీ రెండు మాటలు వేశాను. అందరూ నవ్వారు. కాక గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు. ఎవరు నవ్వినా అది తన మీదే అని ఆ మెడ అనుకుంటోంది. ఆ మెడను అలా చేసింది నేను. నోరు మూసుకున్నాను.

ఆ రోజు మొదటిసారి మా షాపులో సినిమా ఒక్కటే నడిచింది. ఒక ఇల్లు. ఒక ఆడమనిషి. ఒకాయన పెట్టె పట్టుకుని వచ్చి, ఏదో చెప్పి, బయట నిలబడ్డాడు. తర్వాత ఆమె ముఖం. ముఖమే. ఎంతసేపటికీ ముఖమే.

"అన్నా, ఆగిపోయింది" అన్నాడు ఒకడు.

"డిస్కు తుడువు" అన్నాడు ఇంకొకడు.

నాకూ అనుమానం వచ్చి లేచాను. కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఆమె ఇంక ఏం తేల్చుకోలే. ఆలోచన చేస్తాంది."

అందరం తెర వంక చూశాం. నేనైతే రిమోట్ పట్టుకునే చూశాను. కొంతసేపటికి ఆమె ఊపిరి వదిలి, లేచి, పొయ్యి మీది గిన్నె దించింది. "ఇగ వానెంట పోతది" అన్నాడు కాక. పోయింది. ఇంతలో సైరన్ మోగింది. ఆయనకు వినపడదు. మా తలలు లేవడం చూసి ప్లేయర్ని ఒడిలోకి తీసుకున్నాడు. షాపు వణికింది. ఆమె మాత్రం అడుగు తప్పకుండా నడిచింది.

ఆట అయ్యాక ఎట్లా తెలిసిందని సైగ చేశాను.

"బాయిల గా మిషిన్ల సప్పుడుల ఎవని మాట ఎవనికి ఇనవడ్తది? టోపి లైటు ముఖం మీద పడ్డ గా జరంత సేపట్ల చదువుకోవాలె. మీద కప్పు కూలెటట్టున్నదని నా జోడిగాడు నోటితోని ఎన్నడు చెప్పలే. మన సినిమాలల్ల ముఖం చూసే లోపట్నే తీసేస్తరు. వీళ్లు చదివేదాక ఉంచిన్రు." లేవబోతూ ఇంకో మాట అన్నాడు. "ఆ వచ్చినోడు పెనిమిటి గాదు, ఆమెకు అన్న."

నేను అంతకుముందు రెండుసార్లు ఆ సినిమా ఆడించి, ఆ ముఖం మీద కూడా మాటలు కురిపించి, రెండుసార్లూ వాళ్లిద్దరికీ మొగుడూ పెళ్లాల కొట్లాట పెట్టాను. ఆ రాత్రి, డిగ్రీ చదివే మా బిడ్డను కూర్చోబెట్టి అడుగున అక్షరాలు చదివించాను. "అన్న అనే ఉన్నది బాపూ. నీకెవరు చెప్పిన్రు?" అంది.

ఆ తర్వాత కాక ఏ ఆదివారమూ డ్యూటీ తప్పలేదు. నా డబ్బింగు అక్కడితో బంద్. మాటల కోసం వచ్చేవాళ్లలో ఇద్దరు మానేశారు, చిన్నమ్మ ఒకతి కొత్తగా వచ్చింది. ఇంతా అయ్యాక కూడా కాక టీ హోటలు మెట్టు ఎక్కలేదు. పిలిస్తే, ఇంట్ల తాగిన అనేవాడు. అక్కడికి తిరిగి రావాలంటే నేను ఒక మాట అనాలి. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

తప్పయిందని గుట్టుగా చెప్పుకునే వీలు అందరికీ ఉంటుంది, నాకు లేదు. గట్టిగా చెబితే బజారంతా వింటుంది. మెల్లగా చెబితే ఆయనకు కనపడేది ఆడుతున్న పెదాలే, మళ్లీ ఆ పాత ఆటే. ఏం చెయ్యాలో తోచక కొన్ని ఆదివారాలు గడిపేశాను.

ఒకరోజు అందరూ వెళ్లాక డిస్కు తుడిచి పెట్టెలో పెట్టి, స్టూలు లాక్కుని కాక ఎదురుగా కూర్చున్నాను. నోరు తెరిచాను. మూసేశాను. ఊరికే కూర్చున్నాను. ఆయన నా ముఖం చూడటం మొదలుపెట్టాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడకు ఉన్న స్క్రూడ్రైవర్ల వైపు తిప్పాను.

"అటు చూడకు" అన్నాడు. "ఇంక కాలే."

మళ్లీ తిప్పాను. జీవితంలో అంతసేపు జోకు లేకుండా ఎవరి ముందూ కూర్చోలేదు. కళ్లు మండాయి. ఆయన తొందరపడలేదు.

"ఆఁ, అయింది" అన్నాడు చివరికి. "లే. చాయ్ తాగుదాం."

హోటల్లో బెంచీ మీదివాళ్లు మావైపు తలలు తిప్పారు. కాక తన స్టూలు దులుపుకుని కూర్చుని, గ్లాసు పట్టుకుని, అందరూ చూస్తుండగా నా వైపు తిరిగి పెదాలు ఆడించాడు. శబ్దం లేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అవు కాకా" అన్నాను.

బెంచీ బెంచీ నవ్వింది. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. ఆ రోజు ఏమన్నాడో ఇప్పటికీ చెప్పలేదు. అడిగితే, ముఖం చూడలేదా అంటాడు.