నుదుటి మీద తేనె

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే చెబుతాను. అమెరికాలో మేముండే క్యారీలో, తలా ఒక వంట తెచ్చుకుని కలిసే మా తెలుగు కుటుంబాల పాట్‌లక్‌లలో ఎవరైనా వాళ్ల మేనత్తకి కనిపించిన ఆకారం గురించి మొదలుపెడితే, లైట్ ఎటువైపు ఉంది, అద్దం ఎక్కడుంది అని ప్రశ్నలు వేసి కథ పాడుచేసేవాణ్ణి. "శ్రీధర్ వచ్చాడు, ఇవాళ్టికి దెయ్యం రాదు" అని నవ్వేవారు. అందుకే ఈ సంగతి వాళ్లకి ఇంతవరకు చెప్పలేదు.

ఇది పోయిన నవంబర్‌లో, పెన్సిల్వేనియాలోని ఒక పాత బొగ్గుగనుల ఊళ్లో, పట్టపగలు జరిగింది. నాతో మా అమ్మాయి నీనా ఉంది. చూసింది నేను, అనుభవించింది తను.

ముందు నా భార్య గురించి చెప్పాలి. సూజన్ ఇక్కడి అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ తల్లి పేరు జుజానా. స్లొవాకియా కొండల్లోని ఒక పల్లె నుంచి ఓడెక్కి, గనిలో పనికి కుదిరిన భర్త వెనకాల ఆ ఊరికి వచ్చింది. భర్త గనిలో పోయాడు. కొన్నాళ్లకి జుజానా కూడా పోయింది. మిగిలిన చిన్నపిల్లని ఒహాయోలో తెలిసినవాళ్లు తీసుకెళ్లి పెంచారు. ఆ పిల్లే సూజన్ అమ్మమ్మ, సూజన్‌ని పెంచింది ఆవిడే.

స్లొవాక్ ఇళ్లలో అమ్మమ్మని బాబా అంటారు. పెళ్లి కొత్తలో, క్రిస్మస్‌కి బాబా దగ్గరికి వెళ్తున్నామని ఫోన్‌లో చెబితే మా అమ్మ గుంటూరు నుంచి "అక్కడ కూడా బాబాలు ఉన్నారట్రా?" అని అడిగింది.

ఆ క్రిస్మస్ ముందురోజు సాయంత్రం నేను చేసిన పని దగ్గరే ఇదంతా మొదలైంది.

ఆ పూట వాళ్లు మాంసం ముట్టరు. పుట్టగొడుగుల సూప్, బఠానీలు, గసగసాలు అద్దిన చిన్న చిన్న రొట్టె ఉండలు. మా ఇంట్లో పండగపూట వంటలానే ఉందని నాకు సంతోషం వేసింది. భోజనం మొదలుపెట్టే ముందు బాబా లేచి, తేనెగిన్నెలో వేలు ముంచి, వయసు ప్రకారం ఒక్కొక్కరి నుదుటి మీద చిన్న సిలువ గీస్తూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. నా దగ్గరికి వచ్చి, నాకూ గీసింది.

సూజన్ తమ్ముడు అప్పుడే కెమెరా తీశాడు. ఆ ఫొటోలు అమ్మకి పంపుతామని నాకు తెలుసు. నా నుదుటి మీద సిలువ చూసి గుంటూరులో ఎవరు ఏమనుకుంటారో అని ఒక్క క్షణం ఆలోచించాను. పేపర్ నాప్‌కిన్ తీసుకుని తుడిచేసుకున్నాను. బాబా ఇంకా నా ఎదురుగానే నిలబడి ఉంది. వేలికి మిగిలిన తేనె, మన ఆడవాళ్లు కొంగుకి తుడుచుకున్నట్టు, తన ఏప్రన్‌కి తుడుచుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో సూజన్ చెప్పింది: "అది మతం మార్చడానికి కాదు, శ్రీ. ఏడాదంతా ఇంట్లోవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు తీపిగా ఉండాలని పెడతారు."

మా పెళ్లిలో అమ్మ పెట్టిన కుంకుమ సూజన్ రోజంతా ఉంచుకుంది. అది రాలి ముక్కు మీద పడుతుంటే చుట్టాలు నవ్వినా తుడుచుకోలేదు. ఆ విషయం నాకు ఆ కార్‌లో గుర్తొచ్చింది.

కొన్నేళ్ల తర్వాత అమ్మకి ఈ సంగతి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "పెద్దావిడ చేత్తో పెట్టిన తేనె తుడిచేశావా?" అని ఊరుకుంది.

తర్వాత క్రిస్మస్‌లకి ఏదో ఒక వంక చెప్పి నేను ఒహాయో వెళ్లడం మానేశాను. సూజన్ ఒక్కతే వెళ్లి వచ్చేది. నీనా పుట్టకముందే బాబా పోయింది. మా ఇంట్లో సూజన్ ఆ తేనె ఆచారం ఎప్పుడూ చేయలేదు. ఎందుకు చేయలేదో నేను అడగలేదు.

బాబాకి తల్లి ముఖం గుర్తులేదట. గుర్తున్నది ఒక్కటే. నుదుటి మీద ఒక వేలు ఆనడం, చల్లగా ఏదో కనుబొమ్మ మీదికి జారడం. పోయేముందు సూజన్‌ని ఒక్కటే కోరింది. వాళ్లమ్మ సమాధి ఎక్కడుందో వెతికి, ఒక దీపం పెట్టమని.

సూజన్ ఏళ్ల తరబడి వెతికింది. ఓడల జాబితాలు, జనాభా లెక్కలు, మూతబడిన చర్చిల పుస్తకాలు. చివరికి డిఎన్ఏ పరీక్ష ద్వారా డొలొరెస్ అనే దూరపు బంధువు దొరికింది. ఆవిడ ఉంటున్నది జుజానా పోయిన ఊళ్లోనే. ఇక మిగిలింది కార్ ఎక్కి వెళ్లడం మాత్రమే.

"మనం ముగ్గురం వెళ్దాం. నువ్వు కూడా ఉండాలి" అనేది సూజన్. నేను వచ్చే నెల అనేవాణ్ణి. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందనేవాణ్ణి. నిజంగా ఉండేది కూడా. కానీ అది లేని వారాంతాలు కూడా ఉన్నాయి. వాటిలో నేను ఏం చేశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురాదు.

ఆమెకి జబ్బు చేశాక, చివరి శరదృతువులో మళ్లీ అడిగింది. కార్‌లో కూర్చోగలనంది. కీమో అయ్యాక, నీకు కాస్త ఓపిక వచ్చాక వెళ్దామన్నాను. ఓపిక రాలేదు.

సూజన్ పోయాక నీనా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పోయిన అక్టోబర్‌లో తనే ఫోన్ చేసి, "నవంబర్ మొదటి వారంలో స్లొవాక్‌లు సమాధుల మీద దీపాలు పెడతారు, నేను జుజానా ఊరికి వెళ్తున్నాను, డ్రైవ్ చేస్తావా?" అని అడిగింది. చేస్తానన్నాను.

డొలొరెస్‌కి కూడా ఎనభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, గలగలా మాట. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా డ్రైవర్‌వి?" అంది. "వస్తున్నారు వస్తున్నారని ప్రతి నవంబర్‌లో కేక్ చేసేదాన్ని. తర్వాత మానేశాను."

నీనా తల వంచుకుని కాఫీ తాగింది. సమాధిస్థలం కొండ మీద ఉంది. స్థలం కొనలేనివాళ్లని కంచె పక్కన పెట్టేవారట. ఇనప సిలువలే తప్ప వాటి మీద పేర్లుండవు. "ఎవరిది ఏదో చెప్పగలిగినవాళ్లంతా వాటి కిందే ఉన్నారు" అంది డొలొరెస్. ఎర్రగాజు గ్లాసులో ఒక దీపం ఇచ్చి పంపింది.

కొండెక్కేటప్పుడు నీనా కిటికీలోంచి చూస్తూ అంది: "అమ్మ ఒక్క వీకెండ్ అడిగింది నాన్నా. వన్."

కార్ ఆపాను.

అక్కడ మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. మబ్బు లేదు. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. తను ఒక్కతే వెళ్తానంది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. నీనా కంచె వెంబడి నడిచింది. ఇనప సిలువలు వరసగా, కొన్ని పక్కకి ఒరిగి ఉన్నాయి. చివరిదాని దగ్గర ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, దీపం వెలిగించింది. తల వంచుకుని చాలాసేపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని తెలుస్తోంది. వెళ్లాలనిపించింది, కానీ వెళ్లే హక్కు ఉందనిపించలేదు. ఆ సేపంతా నేను తన మీద నుంచి చూపు తిప్పలేదు. ఈ మాట ఎంత ఖచ్చితంగానైనా చెప్పగలను. తన దగ్గరికి ఎవరూ రాలేదు.

లేచి తిరిగి వస్తూ చేత్తో నుదురు తాకి చూసుకుంది.

"నాన్నా, నా ఫేస్ మీద ఏమైనా ఉందా? స్టికీగా ఉంది."

ఉంది. నుదుటి మధ్య నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. ఒక వేలి వెడల్పు. పసుపుపచ్చగా, ఎండలో మెరుస్తోంది. నిలువుగీత చివర ఒక చుక్క కనుబొమ్మ మీదికి జారుతోంది.

నీనా ఆ చుక్కని వేలితో తీసి వాసన చూసింది. నాలిక మీద పెట్టుకుంది. "హనీ" అంది. "హౌ?"

నేను చెట్లవైపు చూశాను. అవి ఓక్ చెట్లు, ఆకులన్నీ రాలిపోయాయి, తను కూర్చున్నచోట పైన కొమ్మే లేదు. ఆ చలిలో తేనెటీగ ఉండదు. పొద్దున మేం తిన్నవి గుడ్లు, టోస్ట్. డొలొరెస్ ఇంట్లో తాగింది బ్లాక్ కాఫీ. దీపం గ్లాసు తర్వాత కార్‌లో కూర్చుని వాసన చూశాను. మైనం వాసన తప్ప ఏమీ లేదు.

నీనాకి ఆ ఆచారం తెలియదు. తన ఇరవై రెండేళ్లలో ఎవరూ చేసి చూపించలేదు, చెప్పలేదు.

అప్పుడు, నాకు తెలియకుండానే, నా చెయ్యి నా నుదుటి మీదికి వెళ్లింది. పొడిగా, చల్లగా ఉంది.

నీనా బ్యాగ్‌లోంచి టిష్యూ తీసింది. నేను తన చెయ్యి పట్టుకున్నాను. "తుడవద్దమ్మా" అన్నాను. గేటు దగ్గరే నిలబడి, బాబా గురించి, కెమెరా గురించి, పేపర్ నాప్‌కిన్ గురించి అంతా చెప్పాను.

తను పూర్తిగా విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది. "మరి అమ్మ నాకెందుకు పెట్టలేదు?"

"నా వల్ల" అన్నాను.

టిష్యూ మడిచి బ్యాగ్‌లో పెట్టుకుంది. దారిలో గ్యాస్ స్టేషన్‌లో అమ్మాయి తన నుదుటివంక వింతగా చూసినా తల తిప్పుకోలేదు. క్యారీ చేరేవరకు ఆ తేనె అలాగే ఎండిపోయి ఉంది. మా పెళ్లిలో సూజన్ కుంకుమ ఉంచుకున్నట్టే ఉంచుకుంది.

డొలొరెస్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఏ సిలువ దగ్గర?" అని మాత్రం అడిగింది. చివరిది అన్నాను. సరే అంది.

క్రిస్మస్ ముందురోజు నీనా ఇంటికి వచ్చింది. పుట్టగొడుగుల సూప్ చేశాను, రుచి సరిగా కుదరలేదు. తేనెలో వేలు ముంచి తన నుదుటి మీద సిలువ గీశాను. అలవాటు లేని చెయ్యి, వంకరగా వచ్చింది.

"నీకెవరు పెడతారు?" అని అడిగింది.

పెద్దవాళ్లే చిన్నవాళ్లకి పెట్టాలని చెప్పాను. నీనా మూడో కుర్చీవైపు చూసింది. సూజన్ కూర్చునే కుర్చీ అది. సూజన్ నాకన్నా కొన్ని నెలలు పెద్దది. దాని గురించి నన్ను ఎప్పుడూ ఆటపట్టించేది. నీనా తేనె సీసాకి మూత పెట్టింది.

ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ఏ కారణమూ దొరకలేదు. ఆ కొండ మీద నీనాకి తేనె ఎవరు పెట్టారో నాకు తెలియదు. నాకెందుకు పెట్టలేదో మాత్రం తెలుసు.